సర్ రొనాల్డు రాసుగారు: నూటికెన్ని? ఏ నూటికి?

వానకాలము వచ్చి, కుంటలును చెరువులును నిండి, పొలములలో నీరు నిలిచినంతనే చలిజ్వరములు వచ్చుననుట మన తిరువూరు ప్రాంతపు పెద్దలకు చిరకాలానుభవము. ఆ జ్వరమునకు కారణమేమని యడిగినచో ఒకరు క్రొత్తనీరనియు, ఒకరు మామిడిపండ్ల వేడి యనియు, మరియొకరు అడవిగాలి యనియు చెప్పుచు వచ్చిరి. పామరులే కాదు, పండితులును అట్లే తలంచిరి. మలేరియా యను పేరునకు ఇటలీభాషలో చెడుగాలి యనియే యర్థము. ఈ భ్రమను పోగొట్టి, జ్వరమునకు వాహనము దోమయని నిరూపించిన మహాశయుడు సర్ రొనాల్డు రాసుగారు.

ఆయన సికింద్రాబాదులో నొక దోమను కోసి చూచిరని విద్యార్థు లెల్లరు నెరుగుదురు. కాని ఆ దోమను చూచిన తరువాత ఆయన పట్టికలు వ్రాసి, నూటికెన్ని యని లెక్క కట్టి, ఆ లెక్కలచేతనే లోకమును ఒప్పించిరని యెరిగినవారు తక్కువ. గణితము బోధించుట నా వృత్తి. శాతముల లెక్క నేర్పునపుడు ఏ సంఖ్యను ఏ సంఖ్యచేత భాగింపవలెనని పిల్లలు తడబడుట ప్రతి సంవత్సరమును చూచుచున్నాను. ఆ తడబాటునకు మందు ఈ మహనీయుని చరిత్రలో నున్నదని తోచి, దానిని మన పత్రిక చదువరుల కర్పించుచున్నాను.

రాసుగారు 1857వ సంవత్సరము మే నెల 13వ తేదీన హిమాలయ ప్రాంతమునందలి అల్మోరాలో జన్మించిరి. మీరట్టులో సిపాయిల తిరుగుబాటు చెలరేగి అప్పటికి మూడు దినములు మాత్రమే యయ్యెను. తండ్రి సైన్యమున నుద్యోగి. పదిమంది సంతానములో మన కథానాయకుడు ప్రథముడు. ఎనిమిదేండ్ల ప్రాయమున ఆయనను విద్యాభ్యాసమునకై ఇంగ్లండునకు పంపిరి. బాలునికి కవిత్వమన్నను, చిత్రలేఖనమన్నను, సంగీతమన్నను ప్రాణము; గణితమునందును మిక్కిలి మక్కువ. వైద్యమునందు మాత్రము ఇచ్చ లేదు. అయినను తండ్రి కోరిక చొప్పున లండనులోని సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రి పాఠశాలలో చేరిరి. అచ్చట ఆయన శ్రద్ధగల విద్యార్థి కాలేదు. ఒక పరీక్షలో తప్పి, కొంతకాలము ఓడలో వైద్యుడుగా పనిచేసి, తిరిగి చదివి కృతార్థుడై, 1881లో ఇండియను వైద్యశాఖలో ప్రవేశించి చెన్నపురి రాజధానికి వచ్చిరి. పరీక్షలో నొకమారు తప్పినంత మాత్రమున జీవితము తప్పిపోదని మన బాలురు దీనివలన గ్రహింతురు గాక.

ఆ దినములలో దండు వైద్యునికి పని స్వల్పము, తీరిక మెండు. రాసుగారు ఆ తీరికను వృథాపుచ్చక, గురువు లేకయే గణితగ్రంథములు పఠించిరి. కథలును పద్యములును వ్రాసిరి. ఉద్యోగరీత్యా మన ఆంధ్రదేశమున విజయనగరమునందును, బంగాళాఖాతము నావల బర్మాలోను, అండమాను దీవులలోను కొంతకాలముండిరి. ఎచ్చటికి పోయినను జ్వరపీడితులే కనబడిరి. క్వినైను ఇచ్చుటయేగాని, జ్వరమెట్లు వచ్చుచున్నదో చెప్పగల వైద్యుడు లేడు. ఈ యజ్ఞానము ఆయన మనస్సును బాధింప మొదలిడెను. 1888లో సెలవుపై ఇంగ్లండునకు పోయి ప్రజారోగ్య శాస్త్రమును, సూక్ష్మక్రిముల శాస్త్రమును అభ్యసించిరి. 1889లో వివాహమాడి మరల ఈ దేశమునకు వచ్చిరి.

ఇంతకు పూర్వమే, 1880లో, ఆల్జీరియాలో లావరాను అను ఫ్రెంచి సైనికవైద్యుడు మలేరియా రోగుల రక్తములో నొక సూక్ష్మజీవిని కనుగొనియుండెను. ఆ జీవి రోగి రక్తములోనికి ఏ మార్గమున ప్రవేశించుచున్నదో మాత్రము తెలియలేదు. 1894లో రాసుగారు మరల లండను వెళ్లినపుడు పాట్రిక్ మాన్సను అను వైద్యవరేణ్యుడు ఆయనకు ఆ జీవిని సూక్ష్మదర్శినిలో చూపి, దోమకును దీనికిని సంబంధముండవచ్చునను తన యూహను తెలిపిరి. అది యూహ మాత్రమే. దానిని పరీక్షించు భారమును రాసుగారు తమపై వేసికొని, 1895లో సికింద్రాబాదునకు వచ్చిరి.

తరువాతి రెండేండ్ల చరిత్ర యంతయు అపజయముల చరిత్ర. దోమలను పట్టుట, పిల్లపురుగులనుండి పెంచుట, వానిని తెరలోపల జ్వరరోగులపై విడిచి రక్తము త్రాగనిచ్చుట, పిమ్మట ఒక్కొక్క దానిని కోసి కడుపులోని ప్రతి కణమును వెదకుట, ఇదియే ఆయన దినచర్య. బూడిదరంగు దోమలు, చారల దోమలు, ఎన్నిటినో చూచిరి. ఒక్కదానిలోను ఏమియు కనబడలేదు. నడుమ బెంగుళూరులో విశూచి నివారణ పనికి పోవలసివచ్చెను. 1897 వేసవిలో ఉదకమండల ప్రాంతమున పరిశోధింపబోయి తామే చలిజ్వరము పాలైరి. అయినను జూన్ నెలలో తిరిగి సికింద్రాబాదు చేరి పని నారంభించిరి. అది మిక్కిలి వేడిగల కాలము. పంకా వేసినచో కోసిన దోమలు ఎగిరిపోవును గనుక గాలి లేక చెమటలు కారుచుండగా కూర్చుండవలెను. ఆ చెమటచే సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టెను. కంటిఅద్దము కూడ పగిలియుండెను.

ఆగస్టు నెలలో ఆయనకు వేరొక జాతి దోమలు లభించెను. వాని రెక్కలపై చుక్కలుండెను. హుస్సేన్ ఖాన్ అను జ్వరరోగి దోమకొక అణా చొప్పున పుచ్చుకొని వానిచేత కుట్టించుకొనెను. ఆగస్టు 20వ తేదీన, ఆ దోమలలో నొకదాని కడుపుగోడలో, నల్లని రేణువులు గల గుండ్రని కణములు రాసుగారి కంటబడెను. ఆ రేణువులు రోగి రక్తములోని మలేరియా క్రిమియందు కనబడు రేణువులవంటివే. మరునాడు ఇంకొక దోమను కోయగా అందును అట్టి కణములే, మునుపటికన్న పెద్దవిగా పెరిగి కనబడెను. దోమలో నా క్రిమి బ్రతికి పెరుగుచున్నదన్నమాట. ఆగస్టు 20వ తేదీని నేటికిని లోకము దోమల దినముగా జ్ఞాపకము చేసికొనుచున్నది. ఆయన పేరిట నొక పరిశోధనాలయము ఉస్మానియా విశ్వవిద్యాలయము క్రింద బేగంపేటలో నున్నది.

సాధారణముగా ఆయన చరిత్ర చెప్పువారు ఇచ్చట నాగుదురు. నేను ఇచ్చటనే ప్రారంభింప గోరుచున్నాను. ఏలయన, రాసుగారి చేతిలో నప్పుడున్నవి రెండు దోమలు మాత్రమే. అదే సంవత్సరము డిసెంబరులో బ్రిటిషు వైద్యపత్రికలో ప్రచురింపబడిన వ్యాసమునకు పెట్టిన పేరులోనే రెండు దోమలను మాట కలదు. రెండు దోమలలో కనబడినది యాదృచ్ఛికము కావచ్చును. ఆ కణములు ఆ జాతి దోమలయందు సహజముగానే యుండవచ్చును. రోగి రక్తముతో వానికి సంబంధము లేకపోవచ్చును. ఇట్లు ఆక్షేపించుటకు ఎవరికైనను హక్కు కలదు. ఆ ఆక్షేపణకు మాటలతో సమాధానము చెప్పుట సాధ్యము కాదు; లెక్కతో చెప్పవలెను.

దురదృష్టవశమున, విజయము చేతికందిన మరుసటి నెలలోనే ప్రభుత్వము ఆయనను రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేసెను. అచ్చట మలేరియా రోగులు దొరకుట కష్టము. నెలలకొలది పని నిలిచిపోయెను. తుదకు 1898 ఫిబ్రవరిలో కలకత్తాలో పరిశోధనకు అనుమతి లభించెను. కలకత్తాలో రోగులు పరీక్షకు ఒప్పుకొనలేదు. ప్లేగు టీకాల భయము ఆ నగరమునంతట వ్యాపించియుండెను. అప్పుడు రాసుగారు పిచ్చుకలవంక తిరిగిరి. పక్షులకును మలేరియావంటి జ్వరము కలదు. దాని క్రిమిని నాడు ప్రోటియోసోమా యనిరి. మనుష్యుల జ్వరమును చుక్కల రెక్కల దోమ మోయునట్లే పక్షుల జ్వరమును మోయునది బూడిదరంగు దోమయని ఆయన పరీక్షలవలన తేలెను.

ఇప్పుడు ఆయన చేసిన ఏర్పాటును శ్రద్ధగా గమనింపుడు. బూడిదరంగు దోమలను రెండు తెగలుగా విభజించిరి. మొదటి తెగకు ప్రోటియోసోమా గల పక్షుల రక్తము లభించెను. రెండవ తెగకు ఆ క్రిమి లేని రక్తము, లేదా వేరు జాతుల జ్వరక్రిములు గల రక్తము లభించెను. పిమ్మట రెండు తెగల దోమలను ఒకే విధముగా కోసి, రేణువులు గల కణములున్నవా లేవా యని వ్రాసికొనిరి. ఫలితమును మన తరగతి నల్లబల్లమీద ఈ క్రింది విధముగ వ్రాయవచ్చును.

మొదటి తెగ: కణములు గలవి 178, లేనివి 67, మొత్తము 245.
రెండవ తెగ: కణములు గలవి 0, లేనివి 249, మొత్తము 249.
అంతయు కలిపి: కణములు గలవి 178, లేనివి 316, మొత్తము 494.

ఇది రెండు వైపులనుండి చదువదగిన పట్టిక. అడ్డుగా చదివినచో ఏ రక్తము త్రాగెనో తెలియును. నిలువుగా చదివినచో కణములున్నవో లేవో తెలియును. నడుమనున్న ప్రతి సంఖ్యకును కుడిప్రక్కన నొక మొత్తము, అడుగున నొక మొత్తము, మూలయందు సర్వమునకు నొక మొత్తము కలవు. కనుక ఒక్క సంఖ్యనుండియే మూడు శాతములు పుట్టును. విద్యార్థుల తడబాటంతయు ఇచ్చటనే.

178ని 245 చేత భాగించి నూటితో గుణించినచో 72.65 వచ్చును. అనగా, క్రిమిగల రక్తము త్రాగిన దోమలలో నూటికి సుమారు 73 కణములు పొందెను. అదే 178ని 178 చేత భాగించినచో నూటికి నూరు వచ్చును. అనగా, కణములు గల దోమలన్నియు క్రిమిగల రక్తము త్రాగినవే. అదే 178ని 494 చేత భాగించినచో 36 వచ్చును. అనగా, కోసిన దోమలన్నిటిలో నూటికి 36 క్రిమిరక్తము త్రాగినవియును, కణములు గలవియును. లవము మూటియందును ఒకటియే. హారము మాత్రము వేరు. హారము మారగానే ప్రశ్న మారినది; ప్రశ్న మారగానే జవాబు మారినది. మూడును తప్పులేని లెక్కలే. అయినను ఒక ప్రశ్నకు మరియొకదాని జవాబు చెప్పినచో అది అబద్ధమగును.

రాసుగారి ప్రశ్న యేది? క్రిమిగల రక్తము త్రాగుటవలన దోమకు కణములు పుట్టుచున్నవా యనునది. కాబట్టి త్రాగిన దోమలలో నూటికెన్ని, త్రాగని దోమలలో నూటికెన్ని యని రెండు శాతములను ప్రక్కప్రక్కన నుంచవలెను. ఆ రెండును 73, సున్న. ఇక వాదమునకు తావెక్కడిది?

మిగిలిన శాతముల నేల విడువవలెనని కొందరు తెలివిగల బాలురు అడుగవచ్చును. కణములు లేని 316 దోమలలో క్రిమిరక్తము త్రాగినవి 67. అనగా నూటికి 21. ఈ 21 దేనిని తెలుపుచున్నది? రాసుగారు రెండవ తెగకు 249 దోమలకు బదులు 2490 దోమలను తీసికొని, వానిలోను ఒక్కదానికిని కణములు లేవని కనుగొనియుండిరనుకొందము. అప్పుడు ఈ 21 కాస్తా 3కు లోపునకు దిగును. ప్రకృతిలో నేమియు మారలేదు. ఆయన సేకరించిన దోమల సంఖ్య మాత్రమే మారినది. మొదటి తెగలోని 73 మాత్రము కదలక నిలుచును. తెగకు ఎన్నింటిని తీసికొనవలెనో పరీక్షకుడే నిర్ణయించునపుడు, ఆ తెగ మొత్తమునే హారముగా నుంచుట న్యాయము. ఇది మా తరగతిలో కంఠస్థము చేయించు సూత్రము కాదు; ఆలోచించి గ్రహింపవలసిన సంగతి.

మరియొక ఉదాహరణము చెప్పెదను. ఇది కల్పితము, ఏ గ్రామమును ఉద్దేశించినది కాదు. నూరుగురు జనులుగల ఒక పల్లెలో 40 మందికి చలిజ్వరము వచ్చెననుకొందము. వారినడుగగా 32 మంది మామిడిపండ్లు తినినవారని తేలెను. 40లో 32 అనగా నూటికి 80. వెంటనే గ్రామస్థులు జ్వరమునకు మామిడిపండే కారణమని నిశ్చయించి, పిల్లలనోట పండు పెట్టనీయరు. అయితే జ్వరము రాని 60 మందిని ఎవరును అడుగలేదు. వారిని కూడ అడుగగా 48 మంది తినినవారని తెలిసినది. ఇప్పుడు పట్టిక పూర్తియైనది. తినినవారు మొత్తము 80. వారిలో జ్వరము వచ్చినవారు 32, అనగా నూటికి 40. తిననివారు 20; వారిలో జ్వరము వచ్చినవారు 8, అనగా నూటికి 40. రెండును సమానమే. పాపము, మామిడిపండు నిర్దోషి! జ్వరపడినవారిలో తినినవారు హెచ్చుగా నుండుటకు కారణము, ఆ ఋతువున ఊరిలో తినినవారే హెచ్చుగా నుండుట.

మన పెద్దలు తరతరములుగా చేసిన పొరపాటు ఇదియే. వారు అబద్ధమాడలేదు, కన్నది చెప్పిరి. కాని రోగులను మాత్రమే లెక్కించిరి, ఆరోగ్యవంతులను లెక్కింపలేదు. సగము పట్టికనుండి సత్యము రాదు. రాసుగారు కణములు కనబడని 249 దోమలను కూడ ఓపికతో కోసి, ప్రతిదానికి సున్న యని వ్రాసికొనిరి. ఏమియు లేదని తెలిసికొనుటకు అంత శ్రమ యెందులకని మనకు తోచవచ్చును. ఆ సున్నయే లేనిచో 73కు విలువ లేదు. అట్లే, క్రిమిరక్తము త్రాగియు కణములు పొందని 67 దోమలను ఆయన దాచలేదు. తన యూహకు ప్రతికూలముగా కనబడు సంఖ్యను కూడ పట్టికలో నుంచుట విద్వాంసుని నిజాయితీకి గుర్తు.

ఇంతటితో ఆయన తృప్తి చెందలేదు. మూడు పిచ్చుకలను తీసికొనిరి. ఒకదాని రక్తములో క్రిములు విస్తారముగా నుండెను; రెండవదానిలో మితముగా నుండెను; మూడవదానిలో లేవు. ఒక్కొక్క పిచ్చుకపై మేసిన దోమలలో పదేసింటిని కోసి కణములు లెక్కించిరి. మొదటి పది దోమలలో 1009, రెండవ పదింటిలో 292, మూడవ పదింటిలో సున్న కణములుండెను. క్రిమి యెంత హెచ్చో కణములంత హెచ్చు. కార్యకారణ సంబంధమునకు ఇంతకన్న చక్కని సాక్ష్యము లభించుట యరుదు.

పిమ్మట ఆ కణములు ఏమగుచున్నవో వెంటబడి చూడగా, అవి పగిలి, వానిలోనుండి సన్నని దారములవంటి జీవులు బయలువెడలి, 1898 జులై నెలలో దోమ లాలాజల గ్రంథిలో కనబడెను. కుట్టునపుడు దోమ విడుచు లాలాజలముతో క్రిమియు రక్తములో ప్రవేశించునని స్పష్టమయ్యెను. క్రిమిగల దోమలచే ఆరోగ్యముగా నున్న 28 పిచ్చుకలను కుట్టింపగా 22 పిచ్చుకలకు రోగము సోకెను. ఇది నూటికి 79. ఈ వార్తను మాన్సనుగారు ఆ నెలలోనే ఎడింబరోలో జరిగిన వైద్యమహాసభకు తెలిపిరి. సికింద్రాబాదులో రెండు దోమలతో మొదలైన సందేహము కలకత్తాలో పట్టికలతో తీరెను.

మనుష్యుల మలేరియాను దోమ నరులకు అంటించు విధమును పూర్తిగా నిరూపించినవారు ఇటలీ దేశస్థుడగు గ్రాసీయును ఆయన సహచరులును. అదియు 1898లోనే జరిగెను. ఈ కీర్తి ఎవరికి చెందవలెనని రాసుగారికిని గ్రాసీకిని తీవ్రమైన కలహము కలిగి చిరకాలము సాగెను. ఈ విషయమున మన కథానాయకుడు తగినంత ఔదార్యము చూపలేదని చెప్పక తప్పదు. మహనీయులలో నొక దోషమున్నచో దానిని కూడ పట్టికలో వ్రాయవలెను గదా!

1899లో రాసుగారు ఇండియా విడిచి లివర్పూలులోని ఉష్ణదేశవ్యాధుల పాఠశాలలో నుపాధ్యాయులైరి. ఆ సంవత్సరమే పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోనునకు పోయి దోమల నివారణకై పాటుపడిరి. 1902లో వైద్యశాస్త్రమునకు నోబెలు బహుమానము ఆయనకు లభించెను. భారతదేశమున జన్మించినవారిలో ఆ బహుమానమందిన ప్రథముడు ఆయనయే. 1911లో సర్ బిరుదు వచ్చెను.

1907-08 సంవత్సరములలో ఆయన మారిషసు ద్వీపమునకు పోయిరి. చెరకుతోటలలో పనికై ఈ దేశమునుండి వెళ్లిన కూలీ కుటుంబములు అచ్చట అనేకములు. వారిలో మన తెలుగువారును గలరు. ఒక ఊరిలో మలేరియా యెంతగా నున్నదో తెలిసికొనుట యెట్లు? జ్వరము వచ్చి పోవుచుండును. రోగులందరు ఆసుపత్రికి రారు. అందుచేత పిల్లల కడుపు తడిమి ప్లీహము, అనగా మన పల్లెలలో బల్ల యనునది, పెరిగినదో లేదో చూచి, పరీక్షించిన పిల్లలలో నూటికెందరికి పెరిగినదని లెక్కించుదురు. ఈ పద్ధతిని 1840ల కాలముననే డెంప్స్టరు అను వైద్యుడు ఉత్తర హిందూస్థానపు కాలువల ప్రాంతమున నవలంబించియుండెను. రాసుగారు దానిని మారిషసులో విరివిగా నుపయోగించిరి. ఇచ్చటను హారమే ముఖ్యము. ఆసుపత్రికి వచ్చిన పిల్లలను హారముగా గొన్నచో ప్రతి ఊరును రోగమయముగా కనబడును. ఆ చోటనున్న పిల్లలలో ఆరోగ్యవంతులను రోగులను భేదము లేక పరీక్షించినప్పుడే ఆ శాతమునకు అర్థముండును. ఒక ఊరిని మరియొక ఊరితో పోల్చుటకు వీలగును.

తరువాత ఆయన తమ బాల్యస్నేహితురాలగు గణితమును మరల చేరిరి. దోమలనన్నిటిని చంపుట అసాధ్యము గనుక మలేరియాను నివారించుటయు అసాధ్యమని పలువురు పెదవి విరిచిరి. రాసుగారు సమీకరణములు వ్రాసి, దోమల సంఖ్య ఒక మేరకు దిగువగా తగ్గినచో, కొన్ని దోమలు మిగిలినను, రోగము తనంతట క్షీణించునని చూపిరి. 1911లో ప్రకటింపబడిన ఆయన గ్రంథపు రెండవ కూర్పున ఈ గణితము కలదు. అంటువ్యాధులను గణితముతో నంచనా వేయు నేటి శాస్త్రమునకు ఆయన మూలపురుషులలో నొకరు. 1926లో లండనులో ఆయన పేరిట నొక వైద్యపరిశోధనాలయము స్థాపింపబడెను. 1932 సెప్టెంబరు 16వ తేదీన ఆ మహాశయుడు పరమపదించిరి.

ఆయనతో కూడ మరి యిద్దరిని స్మరించుట ధర్మము. అణాల కొరకైనను చేతిని చాపి దోమలచే కుట్టించుకొన్న హుస్సేన్ ఖాన్ ఒకడు. కలకత్తాలో పిచ్చుకలను దోమలను సమకూర్చి ఆయనకు కుడిభుజమైన మహమ్మద్ బక్ష్ మరియొకడు. గొప్పవారి పట్టికలలోని ప్రతి సంఖ్యవెనుక ఇట్టి పేదల శ్రమ దాగియుండును.

తల్లిదండ్రులారా, రాసుగారి లెక్క మన యింటికి చెప్పు మాట సులభమైనది. ఇంటిచుట్టు నీరు నిలువనీయకుడు. తొట్లను వారమునకొకమారు ఖాళీచేసి ఆరబెట్టుడు. పసివారిని దోమతెరలో పరుండబెట్టుడు. చలితో జ్వరము వచ్చినచో మామిడిపండును నిందింపక, రక్తపరీక్షకై ఆసుపత్రికి కొనిపొండు.

విద్యార్థులారా, మీకు చెప్పదగిన మాట ఒక్కటి. మీరు రేపు వార్తాపత్రికలో చదివినను, సంతలో విన్నను, నూటికి ఇంతమంది యని ఎవరైన చెప్పినపుడు, ఏ నూటికి అని అడుగుడు. తరువాత, మిగిలినవారి సంగతి యేమని అడుగుడు. ఈ రెండు ప్రశ్నలు తరతరముల మూఢవిశ్వాసమును తొలగించినవి. లెక్కలేనన్ని ప్రాణములను కాపాడినవి. రేపు తరగతిలో శాతముల లెక్క చేయునపుడు, హారము వ్రాయుటకు ముందు ఒక్క నిమిషము ఆగి, సికింద్రాబాదు ఎండలో చెమటోడ్చుచు దోమను కోయుచున్న ఆ వైద్యుని జ్ఞాపకము చేసికొనుడు.